నొప్పి ఉందని రాయమంది

ఆసుపత్రిలో నాలుగు రోజులు సెలవు పెట్టి ఆ జూడో పోటీల పనికి ఒప్పుకున్నది మనసుకు కాస్త తెరిపిగా ఉంటుందని. మందుల వాసన లేని చోట, ఆరోగ్యంగా ఉన్న పిల్లల మధ్య తిరగొచ్చు అనుకున్నాను.

నేను అరబ్బీ దుబాసీని. పరాయి దేశాల నుంచి ఆపరేషన్ల కోసం హైదరాబాదు వచ్చే రోగులకూ ఇక్కడి డాక్టర్లకూ మధ్య కూర్చుని, వీళ్ళ మాట వాళ్ళకూ వాళ్ళ మాట వీళ్ళకూ చెప్పడం నా ఉద్యోగం. మాది జనగామ దగ్గర పల్లె. నాన్న పత్తి వేసేవాడు. చదువుకోసం తార్నాక వచ్చినప్పుడు ఇంగ్లీషులో సీటు రాక, ఖాళీ ఉన్న అరబ్బీలో చేరాను. అదే అన్నం పెట్టింది. చదువు అయిపోయాక కూడా తార్నాక వదల్లేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దావిడ నాకు పని నేర్పింది. రోగి ఏడిస్తే నువ్వు ఏడవకు, డాక్టరు విసుక్కుంటే ఆ విసుగు దాచకు, అన్నది అన్నట్టు చెప్పు, నీ సొంతం ఒక్క మాట కలపకు, ఒక్క మాట తీయకు అని చెప్పింది. ఎనిమిదేళ్ళు అలాగే చేశాను. ఇంక మందులు పనిచేయవని ఒక తండ్రికి చెప్పాల్సి వచ్చిన రోజు కూడా, డాక్టరు ఎన్ని మాటల్లో చెప్పాడో అన్ని మాటల్లోనే చెప్పాను.

పోటీలు మా ఇంటికి దగ్గరే, యూనివర్సిటీ కాంపస్‌లోని ఇండోర్ స్టేడియంలో. చాలా దేశాల విద్యార్థులు వస్తున్నారు. వ్యాయామ విద్య విభాగంలో పనిచేసే ఒక సారు నా నంబరు ఎవరి దగ్గరో తీసుకుని ఫోన్ చేశాడు. అరబ్బీ మాట్లాడే జట్టు ఒకటి వస్తోందని, వాళ్ళ కోచ్‌కు ఇంగ్లీషు రాదని, నాలుగు రోజులు వాళ్ళ వెంట ఉండాలని అడిగాడు. ఆ జట్టుది ఏ దేశమో ఇక్కడ రాయను. ఆ దేశం గుర్తించని మరో దేశం ఒకటి ఉంది, దాని పేరూ రాయను. రాస్తే చదివేవాళ్ళు పేర్ల దగ్గరే ఆగిపోయి అటో ఇటో నిలబడతారు. నేను చెప్పదలచుకున్నది ఇరవై రెండేళ్ళ ఒక అమ్మాయి గురించి.

జట్టు అంటే నలుగురే. ఇద్దరు అబ్బాయిలు, ఈ అమ్మాయి, వాళ్ళ కోచ్. కోచ్‌కు నలభై దాటి ఉంటాయి. ఏళ్ళ తరబడి కుస్తీ పట్టినవాళ్ళకు ఉండేటట్టు చెవులు నలిగి ముద్దగా ఉండేవి. మాట మెత్తన. అమ్మాయి ఫార్మసీ చదువుతోంది. యాభై ఏడు కిలోల విభాగంలో ఆడుతుంది. మొదటి రోజు పొద్దున నేను గెస్ట్‌హౌస్‌కు వెళ్ళేసరికి ప్లాస్టిక్ జాకెట్ ఒకటి వేసుకుని, మెడ దాకా జిప్ లాక్కుని, పరుగుకు తయారుగా ఉంది. బరువు ఇంకా ఆరువందల గ్రాములు ఎక్కువ ఉందట. సాయంత్రం ఆరింటికి బరువు చూస్తారు. అప్పటిలోగా దింపాలి. దారి తెలియదు కనుక నన్ను తోడు రమ్మంది. నేను స్కూటీ మీద, ఆమె పక్కన పరుగుతో, కాంపస్ రోడ్ల మీద రెండు చుట్లు తిరిగాం.

చెట్ల కింద అక్కడక్కడా కుర్రాళ్ళు కూర్చుని పుస్తకాలు గట్టిగా చదువుకుంటున్నారు. ఎందుకు అలా చదువుతున్నారని అడిగింది. సర్కారు నౌకరీ పరీక్షలకు అన్నాను. ఎన్నేళ్ళు చదువుతారని అడిగితే, కొందరు ఐదేళ్ళు, ఆరేళ్ళు కూడా అన్నాను. ఆగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి, ఊపిరి తీసుకుంటూ, "నాకూ ఆరేళ్ళే అక్కా, ఇక్కడిదాకా రావడానికి" అంది. అప్పటినుంచి నన్ను అక్కా అనే పిలిచింది.

నోరు ఎండిపోయి పెదవులు తెల్లగా అయ్యాయి. ముందు రోజు మధ్యాహ్నం నుంచి నీళ్ళు తాగలేదట. స్కూటీలో ఉన్న నా నీళ్ళ సీసా ఆమెకు కనబడకుండా సంచి కింద పెట్టాను.

గేటు దగ్గర ఆ పొద్దున్నే పోలీసు వ్యాను ఒకటి వచ్చి నిలబడింది. ఆ రెండో దేశం జట్టు కూడా పోటీలకు వచ్చింది. వాళ్ళను వెనక్కి పంపాలని ఒక విద్యార్థి సంఘం పోస్టర్లు అంటించింది. ఆటలోకి రాజకీయాలు తేవద్దని ఇంకో సంఘం వాటి పక్కనే అంటించింది. ఒకళ్ళవి ఒకళ్ళు చింపుకుంటున్నారు. సారుకు కాలు ఒక చోట నిలవడం లేదు. మెడలో ఐడీ కార్డు, రెండు చేతుల్లో రెండు ఫోన్లు. నన్ను పక్కకు పిలిచి, మీవాళ్ళకూ వాళ్ళకూ ఆట పడితే ఏమవుతుందని అడిగాడు. నాకు తెలియదన్నాను. నిజంగానే అప్పటికి తెలియదు.

పన్నెండు గంటలకు డ్రా తీశారు. ఎవరితో ఎవరు ఆడాలో గెస్ట్‌హౌస్ హాల్లో తెర మీద వేశారు. అమ్మాయి మొదటి ఆట ఐరోపా నుంచి వచ్చిన ఒక కొత్త అమ్మాయితో. తేలికే అన్నారు. గెలిస్తే రెండో ఆట, పక్క జతలో గెలిచినవాళ్ళతో. ఆ పక్క జతలో ఒక పేరు రెండో దేశపు అమ్మాయిది.

హాల్లో నాలుగైదు వరసల్లోంచి తలలు మా వైపు తిరిగాయి. కోచ్ తన ఫోన్‌తో తెరను ఫొటో తీసి ఎవరికో పంపించాడు. పంపి, ఫోన్‌ను తొడ మీద బోర్లా పెట్టుకుని, దాని మీద అరచెయ్యి ఉంచి కూర్చున్నాడు. రెండు నిమిషాలకు అది వణికింది. లేచి బయటకు వెళ్ళాడు.

వచ్చాక నన్ను, అమ్మాయిని వరండా చివరకు తీసుకెళ్ళాడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే నా అవసరం లేదు. అయినా నన్ను ఉండమన్నాడు. వాళ్ళ దేశపు జూడో సమాఖ్యవాళ్ళు మాట్లాడారని చెప్పాడు. ఆ దేశపు మనిషి ఎదురుగా నిలబడటానికి వీల్లేదు. అలాగని ఆట మొదలయ్యాక, సరిగ్గా ఆ మనిషి ఎదురుపడే ముందు తప్పుకుంటే, ఎందుకు తప్పుకున్నారో అందరికీ అర్థమైపోతుంది. పోటీల కమిషన్ ఊరుకోదు, జట్టు మొత్తాన్నీ పంపించేస్తుంది, అబ్బాయిలిద్దరి ఆటా పోతుంది. కాబట్టి ఆటలు మొదలవకముందే ఏదో ఒక కారణం కనబడాలి.

మొదటి ఆటలోనే ఓడిపొమ్మని కూడా ఒక మాట అన్నాడు. అమ్మాయి తల అడ్డంగా ఊపింది. ఆడే చాప మీద ఎదుటిమనిషి నా కాలర్ పట్టుకున్నాక నా ఒళ్ళు నా మాట వినదు, నాకు అలా ఓడిపోవడం చేతకాదు అంది. కోచ్ ఒత్తిడి చేయలేదు. ఆమె చెప్పింది నిజమని ఆయనకు తెలుసనుకుంటాను.

నాలుగు గంటలప్పుడు కోచ్ నన్ను కాంటీన్ నుంచి రెండు పెద్ద నీళ్ళ సీసాలు తెప్పించమన్నాడు. నేనే వెళ్ళి ఫ్రిజ్‌లోంచి తీయించి తెచ్చాను. పరుగు మానేసి గదిలో పడుకున్న పిల్ల మీద ఆయనకు జాలి కలిగిందేమో, బరువు దిగిపోయిందేమో అనుకుని సంతోషంగానే తెచ్చాను. గదిలో ఆయన ఆ సీసాల మూతలు తీసి ఆమె ముందు స్టూలు మీద పెట్టి, తాగు అన్నాడు.

అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. రెండు సీసాలూ తాగితే బరువు గీత దాటుతుంది. వంద గ్రాములు దాటినా చాలు, ఆమె పోటీలో ఉండదు. ఎవరూ ఎందుకని అడగరు. బరువు దింపలేక తప్పిపోయేవాళ్ళు ప్రతి పోటీలోనూ ఉంటారు.

అమ్మాయి లేచి కూర్చుంది. ఒక సీసా తీసుకుంది. దాని మీద చెమ్మ పట్టి ఉంది. తాగమని అనాలో వద్దని అనాలో నాకు తెలియదు, పైగా అనే హక్కూ లేదు. ఆ సీసాను ఒక చెంపకు, తరవాత రెండో చెంపకు ఆనించుకుని, మళ్ళీ స్టూలు మీద పెట్టింది.

"ఆడటం కోసం నిన్నటినుంచి నీళ్ళు మానేశాను. ఆడకుండా ఉండటం కోసం తాగను" అంది.

కోచ్ కోప్పడలేదు. బయటకు వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి నాతో, "మీరు నన్ను చెడ్డవాణ్ణి అనుకుంటున్నారు" అన్నాడు. తన పాతికేళ్ళప్పుడు తనకూ ఇలాగే జరిగిందని చెప్పాడు. అప్పటి కోచ్ తెచ్చిపెట్టిన నీళ్ళు తాగి, కడుపు ఉబ్బి, కాటా మీద నిలబడ్డాడట. ఆ తరవాత మళ్ళీ అంత పెద్ద పోటీకి వెళ్ళే అవకాశం రాలేదు. చెబుతున్నంతసేపూ ఆయన నా మొహం చూడలేదు. చెప్పులు చూసుకుంటూ చెప్పాడు.

ఆరింటికి బరువు గదిలోకి అమ్మాయితో నన్నూ పంపారు. లోపల అందరూ ఆడవాళ్ళే. కాటా మీద ఎర్ర అంకెలు అటూ ఇటూ కదిలి యాభై ఆరు పాయింట్ తొమ్మిది దగ్గర ఆగాయి. అధికారిణి రాసుకుంది. అమ్మాయి తువ్వాలు చుట్టుకుని బయటకు వస్తూనే నా సంచిలో చెయ్యి పెట్టి, నేను పొద్దున దాచిన సీసా తీసి, నిలబడి, గుటగుటా మొత్తం తాగేసింది. ఉక్కిరిబిక్కిరై దగ్గింది. నవ్వింది. ఆ నాలుగు రోజుల్లో ఆమె నవ్వగా చూసింది అప్పుడే.

ఇంటికి నడిచే వచ్చాను. మెట్రో స్టేషన్ కింద ఎప్పటిలాగే జనం. మెట్ల పక్కన మిర్చి బజ్జీల బండి దగ్గర రోజూ ఆగేదాన్ని, ఆ రోజు ఆగలేదు. ఇంట్లో అన్నం వండుకుని, కంచంలో పెట్టుకుని, తినలేక మూత పెట్టేశాను. నాది కాని వ్యవహారం. నాలుగు రోజులు మాట అటూ ఇటూ చేర్చి వచ్చేస్తే నా పని అయిపోతుంది. అలా ఎన్నిసార్లు అనుకున్నా, ఫోన్ మోగిన ప్రతిసారీ వాళ్ళేనేమో అని తీసి చూశాను.

పొద్దున ఏడింటికి సారు ఫోన్ చేశాడు.

"మేడమ్, జర జల్దీ రాండ్రి. మీ కోచ్ డాక్టర్ కావాల్నంటున్నడు. ఏమైందో ఏమో, నాకేం సమజైతలేదు."

వెళ్ళేసరికి స్టేడియం మెట్ల దగ్గరే ఎదురుచూస్తున్నాడు. నాతో నడుస్తూ గొంతు తగ్గించి చెప్పాడు. "చూడుండ్రి మేడమ్, గా పిల్ల ఆడుతదా ఆడదా అది వాళ్ళిష్టం. మనకు కాగితం సక్కగుండాలె, గంతే. బయట పోరగాండ్లు రెండు దిక్కులా తయారున్నరు. లొల్లి అయిందంటే నా నౌకరీ మీదికొస్తది. డాక్టర్ సాబ్‌కు గూడ జెప్పిన." నేను తల ఊపాను. ఆయన మీద కోపం రాలేదు. ఆయన చొక్కా అంత పొద్దున్నే చెమటకు తడిసిపోయి ఉంది.

అమ్మాయి బట్టలు మార్చుకునే గదిలో ఒక్కతే ఉంది. నీలం రంగు జూడో దుస్తులు తొడుక్కుని, నడుం పట్టీ మాత్రం కట్టుకోకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూడగానే తలుపు వేయమంది.

నిన్న సాయంత్రం ఇంటి నుంచి అన్న ఫోన్ చేశాడని చెప్పింది. అన్న ఓడరేవు ఆఫీసులో గుమాస్తా. అమ్మానాన్నలు లేరు, వాడే పెంచాడు. "నీకు ఏది మంచిదనిపిస్తే అది చెయ్యి, మేమంతా బాగానే ఉన్నాం అన్నాడు" అంది. అయితే మంచిదే కదా అన్నాను.

"లేదక్కా. వాడు నాతో ఎప్పుడూ అంత మెత్తగా మాట్లాడలేదు. పక్కన ఎవరో ఉన్నారు."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళ కణుపులకు టేపులు చుట్టి ఉన్నాయి. ఆటకు తయారవుతూ చుట్టుకున్న టేపులు. ఇంతలో కోచ్ తలుపు తట్టాడు.

డాక్టరు గారు ఎముకల డాక్టరు. బెజవాడ వైపు మనిషి, నల్లకుంటలో చాలా ఏళ్ళు క్లినిక్ నడిపారు. రిటైరయ్యాక ఇలాంటి పోటీలకు ఊరికే వచ్చి కూర్చుంటారట. స్టేడియం పక్కన ఒక చిన్న గదిలో బల్ల, రెండు కుర్చీలు, మంచం. ముందు కోచ్ మాట్లాడాడు. కుడి భుజం మూడు వారాలుగా నొప్పి, నిన్న పరుగులో ఎక్కువైంది, రాత్రి పడుకోలేదు అన్నాడు. అన్నది అన్నట్టు తెలుగులో చెప్పాను. డాక్టరు గారు అమ్మాయి చెయ్యి పట్టుకుని పైకి ఎత్తారు, వెనక్కి తిప్పారు, భుజం చుట్టూ బొటనవేలితో నొక్కి చూశారు. ఆమె మొహంలో ఏ కదలికా లేదు. నొప్పి నటించను కూడా లేదు. గోడ మీద క్యాలెండర్ చూస్తూ కూర్చుంది.

డాక్టరు గారు నావైపు తిరిగారు. "అమ్మా, కోచ్‌ని కాసేపు బయట ఉండమను."

కోచ్ నన్నొకసారి చూసి వెళ్ళిపోయాడు. తలుపు మూసుకుంది.

"ఇప్పుడు ఆ అమ్మాయిని అడుగు. భుజం నొప్పి ఉందా లేదా. తనే చెప్పాలి. ఎవరికీ చెప్పనని కూడా చెప్పు."

అడిగాను. బయట స్టేడియంలో మైకు పరీక్షిస్తున్నారు, ఒకటి, రెండు, మూడు అంటూ. వాళ్ళు లెక్కపెట్టడం ఆపేదాకా ఆమె అలాగే ఉంది. తరవాత నన్ను కాదు, డాక్టరు గారిని నేరుగా చూస్తూ, ఒక్కొక్క మాటే విడదీసి అరబ్బీలో అంది.

"నొప్పి ఉందని రాయమని చెప్పు."

నొప్పి ఉంది అనలేదు. నొప్పి ఉందని రాయమంది. రెంటికీ ఉన్న తేడా అరబ్బీలో ఎంతో తెలుగులోనూ అంతే. అన్నది అన్నట్టు చెబితే డాక్టరుకు అర్థమైపోతుంది. అర్థమైతే రాయనంటాడేమో. రాయకపోతే ఈ పిల్ల ఆడాలి, లేదా ఆడనని ఊరికే తప్పుకుని జట్టు మొత్తాన్నీ ముంచాలి. ఆడితే అక్కడ అన్న పక్కన ఎవరో కూర్చుని ఉన్నారు. ఇవన్నీ నా తలలో ఒకదాని వెనక ఒకటి రాలేదు, అన్నీ ఒక్కసారే వచ్చాయి.

"నొప్పి ఉందంటుంది సార్" అన్నాను.

డాక్టరు గారు ఇంకా నన్నే చూస్తున్నారు. "అంతేనా అంది?"

"అంతే సార్."

ఆయన కళ్ళజోడు సవరించుకుని కాగితం మీద రాశారు. కుడి భుజంలో నొప్పి ఉందని క్రీడాకారిణి చెబుతోంది, ఈ రోజు ఆడకుండా ఉండటం మంచిది అని రాసి సంతకం పెట్టారు. రాస్తున్న పెన్నునే అమ్మాయి చూస్తూ ఉంది. ఆ మొహంలో కనిపించింది నిశ్చింతేమో అనుకున్నాను. అప్పుడు అలాగే అనుకున్నాను. నర్సు వచ్చి మెడ మీదుగా చెయ్యి కట్టు కట్టింది, నీలం దుస్తుల మీదే.

పదింటికి ఆటలు మొదలయ్యాయి. మేం ముగ్గురం గ్యాలరీలో పై వరసలో కూర్చున్నాం. అమ్మాయి పేరు పిలిచారు. ఎదుటి అమ్మాయి తెల్ల దుస్తుల్లో ఒక్కతే చాప మీదికి వచ్చి, ఖాళీ వైపు చూసి వంగి దండం పెట్టింది. రిఫరీ ఆమె వైపు చెయ్యి ఎత్తాడు. అంతే, దిగిపోయింది. చప్పట్లు కూడా సరిగ్గా మోగలేదు. కోచ్ ఆ దృశ్యాన్ని ఫోన్‌తో వీడియో తీసి సమాఖ్యకు పంపాడు.

దాని తరవాతి ఆట రెండో దేశపు అమ్మాయిది. పొట్టిగా, గట్టిగా ఉంది. ప్రత్యర్థి ఒక ఆసియా దేశపు పిల్ల. ఇద్దరూ కాలర్లు పట్టుకున్నారు, రెండడుగులు అటు వేశారు, ఇటు వేశారు. ఏం జరిగిందో నాకు కనబడేలోపు రెండో దేశపు అమ్మాయి వెల్లకిలా చాప మీద ఉంది. చప్పుడు పై వరస దాకా వినిపించింది. ఆట అయిపోయింది. నిమిషం కూడా పట్టలేదు.

ఆ రెండో దేశపు అమ్మాయి రెండో ఆట దాకా వచ్చేదే కాదు. వీళ్ళిద్దరూ ఎదురుపడే అవసరమే ఉండేది కాదు. కోచ్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. మా అమ్మాయి మాత్రం కట్టులోని చెయ్యి మీద రెండో చెయ్యి పెట్టుకుని, చాప వైపే చూస్తూ కూర్చుంది. వెంటనే ఇంకో జత ఎక్కింది. వాళ్ళనూ అలాగే చూసింది.

మధ్యాహ్నం అన్నానికి దిగుతుంటే మెట్ల మలుపులో ఓడిపోయిన ఆ రెండో దేశపు అమ్మాయి ఎదురైంది. మెడలో తువ్వాలు, ఏడ్చిన కళ్ళు. మా అమ్మాయి ఆగింది, నేనూ ఆగాను. వెనకా ముందూ ఎవరూ లేరు. ఆ అమ్మాయి కట్టు కట్టిన చెయ్యి చూసి, కనుబొమలు ముడిచి, తన భుజం మీద తట్టుకుంది, నొప్పా అన్నట్టు. మా అమ్మాయి తల ఊపింది. ఆ అమ్మాయి అరచెయ్యి గుండెల మీద పెట్టుకుని, తొందరగా తగ్గాలి అన్నట్టు ఏదో తన భాషలో చెప్పి కిందికి వెళ్ళిపోయింది. అక్కడ నాతో పని పడలేదు.

మా అమ్మాయి మెట్టు మీదే కూర్చుండిపోయింది. నేను పక్కన కూర్చున్నాను.

"పొద్దున నేను అన్నది డాక్టరుకు అన్నట్టే చెప్పావా అక్కా?" అని అడిగింది.

అబద్ధం ఆడొచ్చు. తెలుగు ఆమెకు రాదు. కానీ ఆమె నన్ను చూసిన తీరుకు నోరు రాలేదు. లేదు, నొప్పి ఉందని మాత్రమే చెప్పాను, రాయమన్న మాట చెప్పలేదు అన్నాను. ఎందుకని అడగలేదు. ఎవరి మీదా నింద లేని గొంతుతో చెప్పింది.

"నేను కావాలనే అలా అన్నాను. ఆయనకు తెలియాలని. తెలిస్తే రాయనంటాడు కదా. డాక్టరు ఒప్పుకోలేదు, తప్పుకునే దారి లేదు అని కోచ్ సమాఖ్యకు చెప్పేవాడు. తప్పు నాది కాదు, ఆయనది కాదు, మా అన్నది కాదు. ఎవరో పరాయి దేశపు డాక్టరుది. నేను ఆడేదాన్ని."

ఆమెను కాపాడుతున్నాననే అనుకున్నాను. నన్ను ఎవరూ కాపాడమనలేదు. ఆ పిల్ల అన్ని వైపుల నుంచీ మూసుకుపోయిన గదిలో ఒక చిన్న సందు కనిపెట్టి, దాని మీద ఉన్న ఆశంతా నాలుగు మాటల్లో పెట్టి నా చేతికి ఇచ్చింది. నేను దాన్ని మూసేశాను. క్షమించమని అడిగాను. ఆమె నా మోకాలు తట్టి లేచింది. అబ్బాయిల ఆట టైము అవుతోంది, పద అంది.

సాయంత్రం డాక్టరు గారు కారు దగ్గరికి వెళ్తుంటే వెంట పడ్డాను. జరిగింది చెప్పాను. రెండు మాటల్లో చెబుదామనుకున్నది ఏడుపుతో చాలాసేపు పట్టింది. ఆయన కారు తలుపు పట్టుకుని నిలబడి మొత్తం విన్నారు.

"నువ్వు సరిగ్గా చెప్పి ఉంటే రాయకపోయేవాణ్ణి అని నీకు చెప్పలేనమ్మా" అన్నారు. "పొద్దున్నే ఆ సారు ఫోన్ చేసి గొడవ లేకుండా చూడండి అన్నాడు. నేనూ సరే అన్నాను. ఆ భుజంలో ఏమీ లేదని నా వేలికి తెలుసు. అయినా రాశాను. అంచేత మొత్తం నీ ఒక్కదాని నెత్తిన వేసుకోకు."

ఓదార్పుగానే అన్నారు. కానీ ఆ రోజు నాకు అది ఓదార్పు కాలేదు. ఆయన రాయకపోయేవారేమో కూడా. ఆ ఏమో అన్నది నాతోనే ఉండిపోయింది.

మిగిలిన రెండు రోజులూ పనిచేశాను. అబ్బాయిల్లో ఒకడికి కాంస్యం వచ్చింది. కోచ్ వాణ్ణి కావలించుకుని ఏడ్చాడు. ఎందుకు అంత ఏడ్చాడో ఆ కుర్రాడికి అర్థం కాలేదు. గేటు బయట రెండు సంఘాలవాళ్ళూ ఒక సాయంత్రం నినాదాలు ఇచ్చారు, పోలీసులు ఇద్దరినీ చెరో వైపుకు నెట్టారు. పెద్ద గొడవ కాలేదు. సారు ఆఖరి రోజు అందరికీ స్వీటు పంచాడు. నాకూ ఒక పెట్టె ఇచ్చి, "మస్తు సంభాళించిన్రు మేడమ్" అన్నాడు. తీసుకున్నాను.

ఎయిర్‌పోర్టు బస్సు దగ్గర అమ్మాయి నన్ను గట్టిగా పట్టుకుంది. చేతికి కట్టు అలాగే ఉంది. ఇల్లు చేరేదాకా ఉంచుకోవాలని కోచ్ చెప్పాడట. బస్సు కదిలాక కిటికీలోంచి ఎడమ చెయ్యి ఊపింది.

ఆసుపత్రిలో నా పని మళ్ళీ మొదలైంది. కానీ కొన్ని వారాలు నా మాట మీద నాకు నమ్మకం లేకుండా పోయింది. రోగి అన్నది చెప్పి, మళ్ళీ రోగిని అడిగి, మళ్ళీ చెప్పేదాన్ని. డాక్టర్లు విసుక్కున్నారు. ఒక డాక్టరైతే, మేడమ్ మీకు ఒంట్లో బాలేదా అని అడిగాడు. ఆ అమ్మాయికి వాళ్ళ అన్న గురించి అడుగుతూ రెండుసార్లు మెసేజ్ పెట్టాను. వాడు బాగానే ఉన్నాడు, ఉద్యోగమూ ఉంది అని జవాబు వచ్చింది. ఆ జవాబు ఆమె ఒక్కతే ఉండి రాసిందో, పక్కన ఎవరైనా ఉన్నారో నాకెలా తెలుస్తుంది. అడగలేదు.

ఏడాది తరవాత, మౌలాలిలో ఉండే స్నేహితురాలి ఇంటికి వెళ్తూ ఆటోలో ఉండగా ఆ అమ్మాయి దగ్గర్నుంచి ఒక వీడియో వచ్చింది. ఏదో దేశంలో ఏదో హాలు. తెల్ల దుస్తుల్లో అమ్మాయి, ఎదురుగా ఒక పొడుగాటి పిల్ల. నాలుగు నిమిషాలూ ఆడింది. రెండుసార్లు పడబోయి బోర్లా తిరిగి తప్పించుకుంది. ఒకసారి పొడుగుపిల్లను దాదాపు పడేసింది. చివరికి పాయింటు తేడాతో ఓడిపోయింది. కింద రాసింది: మొదటి రౌండ్‌లోనే ఓడిపోయాను, చూడు, ఎంత బాగా ఓడిపోయానో.

ఆటో దిగాల్సిన చోటు దాటిపోయింది. వెనక్కి తిప్పమని చెప్పి, వీడియో మళ్ళీ మొదటినుంచి పెట్టుకున్నాను.